గాజుల కింద ఎముక

“గాజులు తియ్యాలమ్మా. ఇవి ఉంటే ఫిల్మ్ మీద మణికట్టు కనపడదు,” అన్నాడు ఎక్స్‌రే గదిలో ప్రభుదాస్.

“రావు,” అంది అనసూయమ్మ.

“సబ్బు ఇస్తా. అగో, ఆడ నల్లా ఉంది. జెర రుద్దితే జారి వస్తయి.”

“రావు అంటున్న గద బిడ్డా! గాజుల సంగతి నాకే చెప్తవా?”

ప్రభుదాస్ బిత్తరపోయాడు. పాపం, అతనికేం తెలుసు. సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో, ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాల్సినంత ఇరుకు గాజుల దుకాణం ఒకటుంది. దాన్ని నడిపేది ఈ అనసూయమ్మే. చిలకలగూడ నుంచి బోయిగూడ దాకా పెళ్ళయిన ఆడవాళ్ళలో ఆమె చేతిలో చెయ్యి పెట్టనివాళ్ళు తక్కువ. సరుకు గొప్పదేమీ కాదు. భర్త జంగయ్య పాతబస్తీ నుంచి మోసుకొచ్చే ఆ మట్టిగాజులు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. జనం వచ్చేది ఆమె చేతి కోసం.

ఆమె పని తీరు ఒకసారి చూస్తే మరిచిపోరు. ముందు చెయ్యి అందుకుంటుంది. గాజుల ఊసే ఎత్తదు. “ఏ గల్లీ మీది? మీ అత్త మంచిదేనా? మొగుడు చెప్పిన మాట ఇంటడా?” అని మాటల్లో దింపుతుంది. ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టగానే బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది, మెటికలు రెండు వైపుల నుంచి దగ్గరికి నొక్కుకుపోతాయి, గాజు కాస్త వాలుగా తిరుగుతూ జారుతుంది. అమ్మాయి “అబ్బా” అనేసరికి గాజు మణికట్టు మీద ఉంటుంది. ఎంత బిగువు గాజైనా సరే, ఇంతవరకు ఎవరి చేతికీ గీత పడలేదు. ఆ మాట ఆమె తనంతట తాను చెప్పుకోదు. జంగయ్య చెబుతాడు, వచ్చిన ప్రతివాళ్ళకూ, అడగకపోయినా.

అలాంటి మనిషి చేతి గాజులు ఆమె చేతి నుంచే దిగడం లేదు. ఆమెకు ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటి లేదు. అందుకే ఇన్నాళ్ళూ బయటికి చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే అత్త ఒక నియమం చెప్పింది. గాజులమ్మే ఇంటి కోడలి చెయ్యి ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. పాతవి మార్చాలంటే ముందు కొత్తది ఒకటి ఎక్కాలి, ఆ తర్వాతే ఆఖరి పాతది దిగాలి. అత్త పోయి ఏళ్ళయినా అనసూయమ్మ ఆ నియమం తప్పలేదు. కూతురు రజిత పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు గొడవ పెట్టుకున్నా తప్పలేదు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆ మణికట్టుకు సరిగ్గా గాలి తగిలింది లేదు.

ఇప్పుడు ఆ మణికట్టే ఉబ్బిపోయింది. గాజులు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. పైకి జరగవు, కిందికి రావు.

“అయితే కట్ చెయ్యాలె,” అన్నాడు ప్రభుదాస్, డ్రాయరులోంచి చిన్న పటకారు తీస్తూ.

అనసూయమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమె ఎరిగిన లోకంలో పెళ్ళయినదాని గాజులు ఎవరో పగలగొట్టే సందర్భం ఒకటే ఉంటుంది. ఆ పని కోసం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గాజులావిడ అని ఆమెనే పిలవబోతే, రాత్రింబగళ్ళు తిట్టిపోసిన మనిషి ఆమె.

“ఆయన్ని పిలువు,” అంది.

బయట బెంచీ మీద కూర్చున్న జంగయ్య లోపలికి వచ్చాడు. సంగతి విన్నాడు. తర్వాత భుజం మీది తువాలు తీసి ఆమె మణికట్టుకు చుట్టాడు.

“ఏమే, నేను సచ్చిన్నా ఏంది? నీ ముంగటనే నిలబడ్డ గద. చూడు మంచిగ.”

“నోర్ముయ్యయ్యా. గసొంటి మాటలు మాట్లాడకు.”

“అందుకే చెప్తున్న. బతికున్నోడే చేస్తుండు. నువ్వు నా మొకం చూడు, చేతి దిక్కు చూడకు.”

ప్రభుదాస్ చేతిలోంచి పటకారు తీసుకుని తువాలు మీదుగా నొక్కాడు. చిటుక్కుమంది. మళ్ళీ చిటుక్కుమంది. ఆమె రెండో చేత్తో అతని చొక్కా పట్టుకుని, అతని ముఖం వైపే చూస్తూ నిలబడింది. ఆ చప్పుడు రోజూ వినేదే. ఎన్ని గాజులు పగిలి ఉంటాయో ఆ దుకాణంలో! కానీ ఆ రోజు ప్రతి చిటుక్కుకూ ఆమె భుజం అదిరింది. కుడి చెయ్యి అయ్యాక ఎడమ చెయ్యి. తువాలు విప్పేసరికి మణికట్టు చుట్టూ పాలిపోయిన చర్మం, దాని మీద గాజుల అచ్చులు. జంగయ్య ముక్కలు కింద పడనివ్వకుండా తువాలులోనే మూటగట్టి జేబులో పెట్టుకున్నాడు. ప్రభుదాస్ గోడ వైపు తిరిగి మిషను సర్దుకున్నాడు.

నొప్పులు మొదలైన కొత్తలో ఎవరూ దీన్ని జబ్బు అనుకోలేదు. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయేవి. ఛాయ్ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చేది. కాస్త ఎండ ఎక్కాక సడలేవి. వాడకట్టులో అందరూ చికున్‌గున్యా అన్నారు. ఆ పేరు చెబితే ఇక్కడ కీళ్ళ నొప్పి ఎంత కాలం ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. గల్లీ చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ కూడా అదే అన్నాడు. నొప్పి ఎక్కువైనప్పుడు వెళ్ళి సూది వేయించుకునేది. ఆషాఢం బోనాలప్పుడు దుకాణం ముందు ఆడవాళ్ళు ఎగబడితే సూది మీదే నిలబడి పని చేసింది. నొప్పి తగ్గేది. తగ్గింది కదా అని పని ఇంకా ఎక్కువ చేసేది.

రజిత బేగంపేటలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పని చేస్తుంది. ఫోన్‌లో వెతికి వెతికి, అమ్మకు ఇమ్యూనిటీ తగ్గిందని తేల్చింది. ఒక పొడి డబ్బా తెప్పించింది. రోజూ వేడిపాలల్లో ఒక చెంచా. అనసూయమ్మ ఆ చేదు పొడిని ప్రసాదంలా తాగింది. కరోనాలో మరిది పోయాక ఆ ఇంట్లో ఇమ్యూనిటీ అనే మాటకు దేవుడి పటం పక్కన స్థానం దొరికింది.

ఒక ఉదయం దుకాణం షట్టరు తాళం తిప్పలేక ఆమె మెట్టు మీద కూలబడి ఏడ్చింది. అది చూశాక రజిత ఆమె మాట వినకుండా లాక్కొచ్చింది, బేగంపేట వైపు ఉన్న ఈ కీళ్ళ డాక్టరు దగ్గరికి.

డాక్టరు పేరు నీహారిక. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మెల్లగా మాట్లాడుతుంది, కానీ చెప్పవలసింది దాచిపెట్టదు. రక్తపరీక్షలు చూసింది. తర్వాత కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పింది.

“ఇది మీ కుడి చెయ్యి, అమ్మా.”

అనసూయమ్మ కళ్ళు చికిలించి చూసింది. వేళ్ళ ఎముకలు తెల్లగా, పొడుగ్గా ఉన్నాయి. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలుపు చెల్లాచెదురైంది. అక్కడ చిన్న చిన్న ఎముకలు విడివిడిగా ఉండాలని డాక్టరు చెబుతోంది. ఉన్నవి మాత్రం ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా ఉన్నాయి. అంచులు ఎలుకలు కొరికిన రొట్టెలా ఉన్నాయి. మెటికల దగ్గర కూడా నల్లటి గుంటలు.

“ఎవలు తిన్నరు?” అంది ఆమె.

ఆ ప్రశ్నకు రజిత నవ్వబోయి ఆగిపోయింది. డాక్టరు నవ్వలేదు.

“సరిగ్గానే అడిగారు. నిజంగానే తిన్నారు. బయటివాళ్ళు కాదు. మీ ఒంట్లోవాళ్ళే.”

“సమజ్ గాలే.”

“ఎముక రాయి కాదమ్మా. ప్రాణమున్నదే. అందులో పాతబడిన చోట తినేసే కణాలు కొన్ని, అక్కడ కొత్త ఎముక కట్టే కణాలు కొన్ని ఉంటాయి. మనందరిలో రోజూ జరిగేదే. ఇక వీళ్ళు కాకుండా రక్తంలో కాపలా కణాలని తిరుగుతుంటాయి. జ్వరం తెచ్చే క్రిములు వస్తే పట్టి చంపేది అవే.”

“ఇమ్యూనిటీ,” అంది రజిత, పరీక్షలో జవాబు దొరికినట్టు.

“ఆ. అదే. మీ అమ్మగారి ఒంట్లో ఆ కాపలా కణాలు పొరబడ్డాయి. కీళ్ళ లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని శత్రువనుకున్నాయి. గుంపులు గుంపులుగా వచ్చి అక్కడ కూర్చున్నాయి. ఆ వాపు అదే. అక్కడితో ఆగితే ఎముకకి ఇంత నష్టం రాదు. ఆ గుంపు ఎముక తినే కణాలకి కబురు పెడుతుంది, రమ్మని, ఇంకా తయారవ్వమని. అవి వస్తాయి, తింటాయి. కట్టేవాళ్ళని మాత్రం పని చెయ్యనివ్వవు.”

జంగయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. “అంటే, తినేటోళ్ళు వేరే, కావలోళ్ళు వేరేనా?”

“అక్కడే ఉంది చిత్రం. తినే కణాలు పుట్టేది కూడా ఆ కాపలావాళ్ళ కుటుంబంలోనే. రక్తంలో తిరిగే కొన్ని కణాలు కీలు దగ్గరికి వచ్చాక, ఆ కబురు అందాక, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఎముక తినేవిగా మారిపోతాయి.”

అనసూయమ్మ తన బోసి మణికట్టు వైపు చూసుకుంది, దాని మీద ఏదో పాకుతున్నట్టు. చేతిని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“నా రక్తమే నా బొక్కలు తింటున్నదా?”

“అలాగే అనుకోండి.”

“నేనేం చేసిన గట్ల?”

“ఏమీ చెయ్యలేదమ్మా. ఎందుకు మొదలవుతుందో పూర్తిగా ఎవరికీ తెలీదు.”

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దొంగ పడితే పోలీసులకు చెప్పొచ్చు. పురుగు పడితే మందు కొట్టొచ్చు. తిన్నవాళ్ళు తన అన్నం తిని పెరిగినవాళ్ళే అయితే ఎవరి మీద అరవాలి? దానికి తోడు ఇన్నాళ్ళూ పొద్దున్నే వేడిపాలల్లో పొడి కలుపుకుని తాగింది. ఎవరి బలం కోసం?

అదే మాట రజితకూ తట్టినట్టుంది. “మేడమ్, నేను ఇమ్యూనిటీ పౌడర్ తాగించిన.”

“దాని వల్లే ఇదంతా వచ్చిందని నేననను. అందులో ఏముందో కూడా నాకు తెలీదు. కానీ ఇంక ఆపెయ్యండి. మీ అమ్మగారికి ఇమ్యూనిటీ తక్కువై రాలేదీ జబ్బు.”

“మరి సూదులు?” అన్నాడు జంగయ్య. “సూది ఏస్తే తగ్గిందండి. పది మందికి ఏసేది గాజులు.”

“నొప్పి తగ్గింది. తినడం ఆగలేదు. నొప్పి ఉంటే ఆవిడ చెయ్యి కాస్తయినా ఆపేవారేమో.”

జంగయ్య తల దించుకున్నాడు. సూది ఉందిలే అని బోనాల సరుకు రెండింతలు తెచ్చింది అతనే.

అప్పుడు రజిత ఫోన్ తీసింది. పోయిన ఏడాది ఇంటి దగ్గర ఒక చిన్న సెంటర్లో ఎక్స్‌రే తీయించారు. అప్పుడు అంతా బాగానే ఉందన్నారు. ఆ ఫొటో ఆమె దగ్గరుంది. డాక్టరు ఫోన్ అందుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అనసూయమ్మ ముందు పెట్టింది.

అదే కుడి చెయ్యి. మెటికలు చక్కగా, గుండ్రంగా ఉన్నాయి. ఒక్క గుంట కూడా లేదు. మణికట్టు ఉండాల్సిన చోట మాత్రం ఒకదాని మీద ఒకటి తెల్లటి ఉంగరాలు. ఎముక కనపడదు. గాజులే ఉన్నాయి.

“ఈ జబ్బు చాలామందిలో ముందు తినేది మణికట్టునే. ఇక్కడ ఏముందో చూద్దామంటే...” అని డాక్టరు ఆగింది.

అనసూయమ్మకు ఆ రోజు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆ సెంటర్ పిల్లవాడు కూడా గాజులు తియ్యమన్నాడు. అప్పటికే అవి రావడం లేదు. రావడం లేదని ఒప్పుకోలేక దబాయించింది. “ముత్తయిదువను గాజులు తియ్యమంటవా? నీకు అమ్మ లేదా? గట్లనే తియ్యి.” ఆ పిల్లవాడు భయపడి అట్లాగే తీశాడు. బయటికి వచ్చాక ఆ సంగతి జంగయ్యకు నవ్వుతూ చెప్పింది కూడా.

“అప్పుడు తీసి ఉంటే కనపడుతుండెనా, బిడ్డా?”

“కనపడొచ్చు. కనపడకపోవచ్చు. నాకు తెలీదమ్మా. అబద్ధం చెప్పను.”

ఈ చేత్తో ఎవరి చేతినీ గాయపరచలేదన్న గొప్ప ఒక్కటే ఆమె సంపాదన. ఆ చేతిని తినేవాళ్ళు తింటుంటే పైన అడ్డం కూర్చుని దాచింది తనే.

“ఇది మళ్ళ మంచిగైతదా?”

“కుడి మణికట్టు ఇక వంగదు. తిన్నది తిరిగి రాదు. వేళ్ళు కొంత పనికొస్తాయి.” డాక్టరు తెర మీద ఇంకో చెయ్యి తెచ్చింది. “ఇది ఎడమది. మణికట్టు పక్క ఎముక చివర ఇక్కడ ఒక చిన్న నొక్కు ఉంది, చూశారా? ఒకటే. ఇప్పుడిప్పుడే మొదలైంది. దీన్ని కాపాడుకోవచ్చు. మందు మొదలెడితే.”

మందు వారానికి ఒక్కసారే. రోజూ మింగకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పింది. ఒక విటమిన్ మాత్ర ఇంకో రోజున. కొన్నాళ్ళకోసారి రక్తపరీక్ష. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా ఫోన్ చెయ్యాలి. “ఎందుకంటే ఈ మందు కాపలావాళ్ళ జోరు తగ్గిస్తుంది.”

జంగయ్య లేచి నిలబడ్డాడు. “ఇమ్యూనిటీ తగ్గిస్తరా? మా తమ్ముడు గట్లనే పోయిండు మేడమ్! ఆక్సిజన్ మీద పెట్టినా లేస్తలేడు, ఒంట్ల ఇమ్యూనిటీ లేదన్నరు. ఇప్పుడు నా చేతులతోని నేనే దీనికి తగ్గియ్యాల్నా?”

“మీ భయం నాకు అర్థమైంది. జోరు తగ్గిస్తాం, చంపెయ్యం. ప్రమాదం అస్సలు లేదని చెప్పను. అందుకే పరీక్షలు. కానీ మందు వెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. ఇదిగో, ఈ కుడి చేతి ఫిల్మ్ ఉంది కదా. అలా అవుతుంది.”

ఇంటికి వచ్చారు. మాత్రల పొట్లం ఫ్రిజ్ మీద కూర్చుంది. జంగయ్య ఆ రాత్రి నుంచే ఆమె దగ్గర ఎవరు దగ్గినా కిటికీ తెరవడం మొదలుపెట్టాడు. రజిత మింగమంటుంది, అతను ఆగమంటాడు. అనసూయమ్మ ఇద్దరి మాటా వినదు.

“రెండు దినాలు సోంచాయించనియ్యిండ్రి. నా బొక్కలు, నా ఇష్టం.”

మూడో రోజు దుకాణానికి వెళ్ళింది. చేతులకు జంగయ్య కట్టిన పసుపుదారం తప్ప ఏమీ లేవు. పక్క దుకాణం కాంతమణి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో అక్కా, అన్నయ్య గారికేమయింది?”

“ఏంగాలే. అగో, ఛాయ్ తాగుతుండు, కనపడ్తలేడా? రెండు బిస్కెట్లు సుత తింటుండు.”

కాంతమణి పగలబడి నవ్వింది. అనసూయమ్మ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు నోటితో ఆగిపోయింది.

మధ్యాహ్నం ఒక నిండు గర్భిణి వచ్చింది. పేరు భవాని, బోయిగూడ. ఐదేళ్ళ కింద పెళ్ళిగాజులు వేసింది అనసూయమ్మే. ఎల్లుండి సీమంతం. వెంట అత్త.

“నాకు నువ్వే ఎయ్యాలె అత్తమ్మా. అందరు నొప్పి చేస్తరు,” అంది భవాని అనసూయమ్మతో.

జంగయ్య అడ్డం వచ్చాడు. “నేనేస్త బిడ్డా. మీ అత్తమ్మకు చెయ్యి బాగలేదు.”

“నువ్వు జరుగు. ఎడమ చేత్తోని పట్టుకుంట, కుడి చేత్తోని తోస్త. నాకేమైంది?” అంది అనసూయమ్మ. ఆ మాటలో నిబ్బరం కన్నా మొండితనమే ఎక్కువ.

భవాని చెయ్యి అందుకుంది. నెలలు నిండిన చెయ్యి, కాస్త నీరు పట్టి మెత్తగా ఉంది. మాటలు షురూ చేసింది. “మొగపిల్లగాడా, ఆడపిల్లనా? మీ అత్త ఏమంటున్నది?” ఆ పిల్ల నవ్వింది. బొటనవేలు ముడుచుకుంది. మెటికలు నొక్కుకున్నాయి. గాజు వాలుగా తిరగాల్సిన చోట అనసూయమ్మ కుడి మణికట్టు తిరగలేదు. మనసు తిరిగింది, చెయ్యి మాత్రం కర్రలా నిలబడిపోయింది. గాజు నేరుగా వెళ్ళి మెటికకు తగిలి చిట్లింది. చిట్లిన ముక్క చర్మంలోకి దిగింది.

భవాని కెవ్వుమంది. నెత్తురు గాజుల ట్రే మీద పడింది, ఎర్ర గాజుల మీద, పచ్చ గాజుల మీద.

“ఏందమ్మా గిది! సీమంతం ముంగట గాజు పగలగొట్టి నెత్తురు కారిపిస్తవా?” అత్త గయ్యిమంది. “చేత గానప్పుడు దుకాణం బంద్ పెట్టుకో రాదు!”

జంగయ్య పరుగెత్తి పసుపు తెచ్చి అద్దాడు. గాయం చిన్నదే. కట్టు కట్టాక నెత్తురు ఆగింది. మిగతా గాజులు అతనే వేశాడు, ఒక్కొక్కటి, భయంభయంగా. అత్త గొణుగుతూనే ఉంది. భవాని మాత్రం వెళ్ళేటప్పుడు అనసూయమ్మ భుజం తట్టి, “ఏం కాదు అత్తమ్మా,” అంది.

ఆ ఓదార్పు ఆమెకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. చూస్తూ కూర్చుంది తన చేతుల వైపు. కుడిది పోయింది, సరే. భవాని చేతిని పట్టుకున్నది ఎడమది. అది మాత్రం ఇంకా సరిగ్గానే పట్టుకుంది. మెత్తగా, ఎంత నొక్కాలో అంతే నొక్కింది. ఆ చేతిలో కూడా అవి అప్పుడే ఒక నొక్కు కొరికేశాయి. ఇక్కడ కూర్చుని ఛాయ్ తాగుతున్నా తింటూనే ఉన్నాయి. కాంతమణితో నవ్వుతున్నా తింటూనే ఉన్నాయి. రెండు రోజులు ఆలోచిస్తానంది కదా, ఆ రెండు రోజులూ తిన్నాయి.

ఆమె లేచి నిలబడింది.

“ఏడికి?” అన్నాడు జంగయ్య.

“ఇంటికి. గోలీ మింగనీకి.”

“అనసూయా, జెర ఆగు. మా తమ్ముడు...”

“మీ తమ్ముడు కరోనాతోని పోయిండయ్యా, బయటికెల్లి వచ్చిన దానితోని. నన్ను తినేటియి ఇంట్ల కూసున్నయి. ఆగుమంటే ఎందాక ఆగాలె? ఈ చెయ్యి సుత అయిపోయేదాకనా?”

జంగయ్య షట్టరు దించాడు. ఆమె చేతికి తాళం తిరగదు కనుక అతనే వేశాడు.

మొదటి మాత్ర మింగిన మర్నాడు ఆమెకు వాంతి వచ్చేట్టు అయింది, అన్నం సహించలేదు. జంగయ్య పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. “జరం లేదు గద?” అనేది ఇంట్లో పలకరింపు అయిపోయింది. ఒకసారి నిజంగానే జ్వరం వచ్చింది. అతను ఆమెను ఆటోలో వేసుకుని, డాక్టరుకు దారిలోనే ఫోన్ చేసి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో కొట్లాడి లోపలికి తెచ్చాడు. అది మామూలు జలుబు. ఆ వారం మాత్ర ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టమన్నారు. “నన్ను ఈ మందు చంపదు గని, నీ పరేషాన్ చంపుతది,” అంది అనసూయమ్మ.

మెల్లగా పొద్దుటి బిగువు తగ్గింది. ఎడమ మణికట్టు వాపు దిగింది. దుకాణంలో గాజులు వేసేది ఇప్పుడు జంగయ్య. ఆమె పక్కన కూర్చుని అతన్ని తిడుతుంది. “గట్ల గుంజకు! చెయ్యి అది, నల్లా పైపు కాదు.” అప్పుడప్పుడు, బిగువు లేని గాజైతే, ఎడమ చేత్తో తనే తోస్తుంది. ఆడవాళ్ళు కొంతమంది రావడం మానేశారు. భవాని అత్త చెప్పాల్సినచోటల్లా చెప్పింది. దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఏడాది గడిచాక డాక్టరు మళ్ళీ ఫిల్మ్ తీయించింది. ప్రభుదాస్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆమె బోసి చేతులు రెండూ తనంతట తానే పలక మీద పరిచింది.

లోపల డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. డాక్టరు వాటి వైపు చూస్తున్నంతసేపు అనసూయమ్మ ఆమె ముఖం వైపే చూసింది.

“బాగుందమ్మా. చాలా బాగుంది. ఎడమ చేతిలో కొత్తగా ఏమీ లేదు.”

“మరి ఆ నొక్కు?”

“అది అలాగే ఉంది.”

“నిండలేదా?”

“నిండదండి. పెరగలేదు, అది చాలు. మందు మాత్రం ఆపొద్దు. ఆపితే వాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు.”

అనసూయమ్మ తెర వైపు తిరిగింది. ఏడాది పాటు వాంతులు ఓర్చుకుని, రక్తం ఇచ్చి, భయపడి సంపాదించింది ఇదా? ఉన్న నొక్కు ఉన్నట్టే ఉండటమా? తినేవాళ్ళు చావలేదు, పోలేదు. లోపలే ఉన్నారు, నోరు మూసుకుని. ఇక బతికినన్నాళ్ళూ వాళ్ళతోనే కాపురం.

బయటికి వచ్చింది. జంగయ్య బెంచీ మీంచి చటుక్కున లేచాడు.

“ఏమన్నది?”

“తింటలేవట.”

“అంటే తగ్గిందా?”

“తగ్గలే. తింటలేవు, అంతే.”

“అంతేనా?”

“అంతే. దానికే సంబురపడాల్నట.”

అతను ఫైలు, మందుల సంచి, నీళ్ళ సీసా అన్నీ తన చేతుల్లోకే తీసుకోబోయాడు. అనసూయమ్మ సంచి ఇవ్వలేదు.

“ఇది నేను పట్టుకుంట. పట్టుకుంటది ఇది,” అంది, ఎడమ చేత్తో దాని పిడి బిగించి. “నువ్వు మెట్లు చూసుకో.”